మూడు కిలోమీటర్ల ‘పరిధి’: ఎక్కడి నుంచి కొలవాలి?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట నుంచి):

కరోనా కాలపు ఆంక్షల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. 2021 జనవరిలో ఇంగ్లండులో ఇద్దరు స్త్రీలు ఇంటికి సుమారు 5 మైళ్ల దూరంలోని జలాశయం దగ్గరకు కార్లలో వెళ్లి నడవబోగా, డెర్బీషైర్ పోలీసులు వారికి తలా 200 పౌండ్ల జరిమానా వేశారు; విమర్శలు వచ్చాక రద్దు చేసి క్షమాపణ చెప్పారు. వ్యాయామానికి బయటికి రావచ్చునన్న అక్కడి చట్టం ఎంత దూరమో చెప్పలేదు. ‘లోకల్’గా ఉండమన్న మాట ప్రభుత్వ సూచనల్లో మాత్రమే ఉంది. ఆ మాటకు ‘స్థానికం’ అంటే పేలవంగా ఉంది. ‘నివాస పరిధి’ అనవచ్చునా?

జవాబు (విజయవాడ, గవర్నర్‌పేట నుంచి):

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పినవాణ్ని కనుక ఈ ‘పరిధి’ దగ్గర నాకు పాత పేచీ ఒకటి ఉంది. పాఠ్యపుస్తకాల్లో వృత్తపరిధి అంటే వృత్తం చుట్టూ ఉన్న గీత పొడవు. 2020 లాక్‌డౌన్‌లో సరుకుల కోసం ఎంత దూరం వెళ్లవచ్చో చెబుతూ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వినిపించిన ‘మూడు కిలోమీటర్ల పరిధి’ని ఆ లెక్కన తీసుకుంటే వ్యాసార్ధం దాదాపు 480 మీటర్లే అవుతుంది, అంటే వీధి చివర కూరగాయల బండి దాకా వెళ్లి వెనుదిరగాలి. చెప్పదలచినది వ్యాసార్ధం, చెప్పినది చుట్టుకొలత. జనం సరిగానే అర్థం చేసుకున్నారు కాబట్టి సరిపోయింది.

సంస్కృతంలో ‘పరిధి’ అంటే చుట్టూ ఉంచినది. హోమాగ్ని చుట్టూ పెట్టే సమిధలకూ, సూర్యచంద్రుల చుట్టూ కట్టే గుడికీ అదే పేరు. పురుషసూక్తంలోని ‘సప్తాస్యాసన్ పరిధయః’ చాలామంది చెవిన పడే ఉంటుంది. మధ్యన నిప్పో చంద్రుడో ఉంటేనే చుట్టూ పరిధి ఉంటుంది. మన ఆంక్షల్లోని ‘మూడు కిలోమీటర్ల పరిధి’ అన్న మాటలో ఆ మధ్యనున్నది ఏమిటో కనిపించదు.

ఆ ఏడాది ఏప్రిల్ మొదట్లో ఒక తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మొదట్లో నన్నొక కానిస్టేబులు ఆపాడు. మా ఇంటికి మూడు కిలోమీటర్ల పరిధిలోనే ఉన్నానని నేను అన్నాను. ‘ఇక్కడితో మా పరిధి అయిపోయింది మాస్టారూ, అవతల గుంటూరు జిల్లా’ అని అతను అన్నాడు. నా పరిధికి కేంద్రం మా ఇల్లు, అతని పరిధికి కేంద్రం అతని స్టేషను. ఇద్దరమూ ఒకే మాట వాడుతూ వేర్వేరు వృత్తాలు గీసుకుంటున్నాము. నిజం చెప్పాలంటే ధర్మం అతని వైపే ఉంది, ఎందుకంటే 2020 మార్చి 24 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ఇచ్చిన మినహాయింపుల్లో ఉదయపు నడక లేనే లేదు. నా చేతిలో పాల సంచి ఉంది కనుక బతికిపోయాను. మీ వ్యాసంలోని వారి చేతుల్లో కాఫీ ఉన్నందుకు అది పిక్నిక్ కింద లెక్క అన్నారట. దానిని మాత్రం ‘వనభోజనం’ అని తెలుగు చేయకండి. కార్తికమూ లేదు, ఉసిరి చెట్టూ లేదు.

కాబట్టి ‘పరిధి’ని పోలీసు మాటల్లోనే ఉంచండి. నడిచేవారి వైపు నుంచి రాసేచోట వద్దు.

మరొకరు (తెనాలి నుంచి):

మాస్టారు గారితో సగమే ఏకీభవిస్తాను. మాట అర్థం గణితంలో స్థిరపడినంత మాత్రాన వాడుకలో మారకూడదని లేదు. ‘పోలీస్ స్టేషన్ పరిధి’ అనని పత్రిక ఏదీ లేదు. అనువాదానికి నా సూచన ‘పొలిమేర’. పోలేరమ్మను నిలిపేదీ, మహమ్మారిని లోపలికి రానివ్వకూడదని మొక్కేదీ ఊరి పొలిమేరలోనే. రోగానికీ రాకపోకలకూ కలిపి మనకున్న పాత మాట అది. ‘కూతవేటు దూరం’ కూడా బాగుంటుంది గాని, గట్టి గొంతు ఉన్నవారికి ఎక్కువ దూరం దక్కుతుంది!

జవాబు (గవర్నర్‌పేట):

పొలిమేర మంచి మాటే, ఒప్పుకుంటాను. అయితే అది ఊరి హద్దు, ఇంటి హద్దు కాదు. ఇంగ్లండు సూచనల్లో ‘లోకల్’ అంటే మీరుండే పల్లె, పట్టణం, లేదా నగరంలో మీరుండే భాగం. పల్లెకు పొలిమేర అతుకుతుంది. మా విజయవాడలో తూర్పున పటమటలో ఉండేవారికి పడమటనున్న భవానీపురం పొలిమేర లోపలిదే అయినా ‘లోకల్’ మాత్రం కాదు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. సూచనల్లోని మాటను ‘మీరుండే చుట్టుపక్కలనే ఉండండి’ అని రాస్తున్నాను. ‘చుట్టుపక్కల’ ఎంత దూరమో తెలుగులోనూ ఎవరూ చెప్పలేరు. మూలంలోని తకరారు కూడా సరిగ్గా అదే కనుక అది చెడకుండా వస్తుంది. పోలీసుల నోట ‘పరిధి’ని అలాగే ఉంచుతున్నాను. పిక్నిక్‌ను పిక్నిక్ అనే రాస్తాను.