డిస్క్ గోల్ఫ్: ఫోర్‌హ్యాండ్‌కి ఒక డ్రైవర్, బ్యాక్‌హ్యాండ్‌కి ఇంకో డ్రైవర్ కావాలా? ఎలా పోల్చి చూడాలి?

నాగావళి గుంటడు (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. సంక్రాంతికి మా బావ డల్లాస్ నుంచి వస్తూ ఒక సంచీ నిండా డిస్క్ గోల్ఫ్ (పళ్ళెం లాంటి ప్లాస్టిక్ డిస్కుని విసిరి గొలుసుల బుట్టలో వేసే ఆట) డిస్కులు తెచ్చాడు. తిరిగి వెళ్ళేటప్పుడు లగేజీ ఎక్కువైందని ఇక్కడే వదిలేశాడు. ఇన్నోవా కంపెనీ వాళ్ళ డ్రైవర్లు, అంటే దూరం వేసే డిస్కులు, డిస్ట్రాయర్, టీబర్డ్, లెపర్డ్, ఫైర్‌బర్డ్ ఉన్నాయి. డిస్క్రాఫ్ట్ కంపెనీ బజ్ ఒకటి ఉంది, అది మధ్య దూరానికి. నాగావళిలో నీళ్ళు తగ్గి ఇసుక బయటపడ్డాక మేం ముగ్గురం పొద్దున్నే అక్కడికి పోయి విసురుతున్నాం. వెల్డింగ్ షాపులో పాత సైకిల్ రిమ్ముకి గొలుసులు వేలాడదీయించి బుట్ట కూడా చేయించాం.

నేను చిన్నప్పటి నుంచి క్రికెట్‌లో పాయింట్‌లో ఫీల్డింగ్ చేసినవాణ్ణి. అందుకే నాకు చెయ్యి పక్కనుంచి తిప్పి వేసే ఫోర్‌హ్యాండ్ బాగా వస్తుంది. మా చిన్నాన్న కొడుకుది కుడిచేతి బ్యాక్‌హ్యాండ్, చెయ్యి ఛాతీకి అడ్డంగా తెచ్చి బయటికి విసరడం. మూడోవాడిది ఎడమచెయ్యి, వాడూ బ్యాక్‌హ్యాండే. డిస్ట్రాయర్ మీద స్పీడ్ 12 అని రాసి ఉంది కాబట్టి అదే ఎక్కువ దూరం పోవాలి కదా? మా చిన్నాన్న కొడుకు వేస్తే సగం దారిలోనే ఎడమవైపు కొట్టేస్తోంది. లెపర్డ్ వాడికి తిన్నగా పోతుంది, నాకేమో గిరికీలు కొట్టి నేలకి గుద్దుకుంటోంది. నా డిస్కు, ఎడమచేతివాడి డిస్కు రెండూ చివర్లో కుడివైపే పడతాయి, అంటే మా ఇద్దరికీ ఒకే డ్రైవర్ సరిపోతుందా?

బావ దసరాకి మళ్ళీ వస్తాడు. రెండు డిస్కులకి మించి అడగలేను. ఏవి అడగాలి?

జెట్ ఆర్మ్ (విశాఖపట్నం):

ఇంత టెన్షన్ ఎందుకు బ్రో, డిస్ట్రాయరే ఇంకొకటి తెప్పించుకో. పెద్ద పెద్ద ఆటగాళ్ళ సంచీల్లో అదే ఉంటుంది. చెయ్యి దానికదే అలవాటు పడుతుంది.

గొలుసు–ఆఫ్‌సెట్ (విజయనగరం):

తమ్ముడూ, పై సలహా పాటించకు. పెద్ద ఆటగాళ్ళ సంచీలో డిస్ట్రాయర్ ఉంటుంది, నిజమే. వాళ్ళు దానికి తగ్గ వేగంతో వేస్తారు కాబట్టి ఉంటుంది.

నేను సర్వే పనిలో ఉన్నవాణ్ణి. గట్టు తగాదాల్లో ‘మా తాత చూపించిన హద్దు’ అనే మాటని ఎంత నమ్ముతానో, ‘నా డిస్కు నూరు మీటర్లు పోయింది’ అనే మాటనీ అంతే నమ్ముతాను. అందుకని మా గంట్యాడ వైపు వరి కోతలయ్యాక ఖాళీ మళ్ళలో టేపు వేసి కొలిచే చూశాను. నేను బ్యాక్‌హ్యాండ్, మా తోడల్లుడు ఫోర్‌హ్యాండ్.

ముందు ఆ డిస్కు మీది అంకెల సంగతి. నాలుగుంటాయి: స్పీడ్, గ్లైడ్ (గాలిలో ఎంత తేలుతుందో), టర్న్ (జోరు మీద ఒక పక్కకి ఎంత ఒరుగుతుందో, మైనస్ పెరిగితే ఒరగడం ఎక్కువ), ఫేడ్ (చివర్లో రెండో పక్కకి ఎంత వాలుతుందో). డిస్ట్రాయర్‌కి 12, 5, -1, 3. లెపర్డ్‌కి 6, 5, -2, 1. టీబర్డ్‌కి 7, 5, 0, 2. ఫైర్‌బర్డ్‌కి 9, 3, 0, 4. అందరూ పొరబడేది మొదటి అంకె దగ్గర. స్పీడ్ 12 అంటే ఆ డిస్కు నీకు అంత వేగం ఇస్తుందని కాదు, నువ్వు దానికి అంత వేగం ఇవ్వాలని. ఇవ్వలేకపోతే దాని టర్న్ బయటపడనే పడదు, ఫేడ్ మాత్రం తొందరగా వచ్చేస్తుంది. మీ చిన్నాన్న కొడుకుకి జరుగుతున్నది ఇదే. ఇంకోటి, ఈ అంకెలు తయారుచేసే కంపెనీలు తమకు తాము వేసుకున్నవి. పీడీజీఏ (ఈ ఆటకి నియమాలు పెట్టే ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్) వాళ్ళు డిస్కు బరువు, వ్యాసం, అంచు మందం లాంటివి చూసి ఆమోదిస్తారు. అంచు 2.6 సెంటీమీటర్లు దాటకూడదు, వ్యాసం 21 సెంటీమీటర్లకి తగ్గకూడదు, అలాంటి నియమాలున్నాయి. అది ఎలా ఎగురుతుందో వాళ్ళు ధ్రువీకరించరు. కాబట్టి ఒక కంపెనీ 9కి, ఇంకో కంపెనీ 9కి పొంతన ఉండకపోవచ్చు.

టర్న్, ఫేడ్ ఎందుకొస్తాయో తెలిస్తే నీ ప్రశ్నలో సగం తీరిపోతుంది. డిస్కు జోరుగా పోతున్నప్పుడు గాలి దాని వెనక భాగాన్ని ఎక్కువ ఎత్తుతుంది. జోరు తగ్గాక ముందు భాగాన్ని ఎత్తుతుంది. తిరగని వస్తువైతే ముక్కు కిందికో పైకో వాలేది. ఇది గిర్రున తిరుగుతోంది కాబట్టి ఆ తోపుడు ముక్కు దగ్గర కాకుండా పక్కన కనబడుతుంది, డిస్కు ఒక వైపుకి ఒరుగుతుంది. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌కి పైనుంచి చూస్తే డిస్కు గడియారం ముల్లు తిరిగే దిక్కులో తిరుగుతుంది. ముందు కుడికి ఒరుగుతుంది, చివరికి ఎడమకి వాలుతుంది. కుడిచేతి ఫోర్‌హ్యాండ్‌కి, ఎడమచేతి బ్యాక్‌హ్యాండ్‌కి దీనికి సరిగ్గా ఉల్టా.

అయితే నీకూ ఎడమచేతివాడికీ ఒకే డిస్కు అనుకోకు. తిరిగే దిక్కు మాత్రమే ఒకటి. క్రికెట్ చెయ్యి ఉన్నవాళ్ళ ఫోర్‌హ్యాండ్‌లో వేగం ఉంటుంది, మణికట్టు తిప్పడం తక్కువ. స్పిన్ తగ్గుతుంది, పైగా వదిలేటప్పుడు మణికట్టు మెలితిరిగి డిస్కు వణుకుతూ బయల్దేరుతుంది. లెపర్డ్ లాంటి మెత్తని స్వభావం ఉన్న డిస్కు ఆ వణుకుని తట్టుకోలేదు. ఎడమకి తిరగబడి నేలకి పోతుంది. ఫైర్‌బర్డ్ తట్టుకుంటుంది, టీబర్డ్ ఓ మోస్తరుగా తట్టుకుంటుంది. మీ ఎడమచేతి కుర్రాడు బ్యాక్‌హ్యాండ్ శుభ్రంగా వదిలితే వాడికి లెపర్డ్ హాయిగా సరిపోతుంది.

ఇక పోల్చి చూడటం. ఐదూ ఒకేసారి వేసి ఎవరిది ఎక్కడ పడిందని చూస్తే ఏమీ తేలదు. రెండేసి తీసుకో. వీలైతే ఒకే ప్లాస్టిక్, దగ్గర దగ్గర బరువు. మీ బావ లెపర్డ్ ఇన్నోవా చవక రకం డీఎక్స్ ప్లాస్టిక్‌దై, డిస్ట్రాయర్ గట్టి ఛాంపియన్ ప్లాస్టిక్‌దైతే, నువ్వు పోలుస్తున్నది మోడళ్ళని కాదు, ప్లాస్టిక్‌లని. డీఎక్స్ చెట్లకీ రాళ్ళకీ తగిలి తొందరగా అరుగుతుంది. అరిగిన కొద్దీ డిస్కు తిరగబడే గుణం పెరుగుతుంది.

పరుగు తియ్యకుండా నిలబడి వెయ్యి. పరుగులో ప్రతిసారీ తేడా వస్తుంది. మేం చేసిందేంటంటే, విసిరే చోటు నుంచి తిన్నగా ఒక గీత పట్టాం, దూరాన రెండు రేంజింగ్ రాడ్లు పాతి. మీకు కర్రలు చాలు. డిస్కు పడిన చోటల్లా చిన్న పుల్ల గుచ్చి, గీత మీద ఎంత దూరం, గీత నుంచి పక్కకి ఎంత అని రెండూ రాసుకున్నాం. మా వాడుకలో పక్క కొలతని ఆఫ్‌సెట్ అంటాం. తర్వాత గ్రాఫ్ కాగితం మీద ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వేలో కొలతలతో వేసే పొలం పటం) గీసినట్టు గీస్తే ఒక్కో డిస్కు ఒక్కో గుంపుగా కనబడుతుంది. అన్నిటికంటే దూరం పోయినదాన్ని మర్చిపో. గుంపు ఎక్కడుంది, ఎంత వెడల్పుంది, అదే చూడు. చెడిపోయిన విసుర్లు కూడా లెక్కలో ఉంచు, ఆటలో వాటినెవరూ మాఫీ చెయ్యరు. డిస్కుల వరస మార్చి మార్చి వెయ్యి, లేకపోతే చివరిది పాపం అలిసిపోయిన చేతికి దొరుకుతుంది.

నా బ్యాక్‌హ్యాండ్‌కి డిస్ట్రాయర్, లెపర్డ్ రెండూ గీత మీద 75 మీటర్ల చుట్టుపక్కలే పడ్డాయి. తేడా అంతా ఆఫ్‌సెట్‌లోనే. లెపర్డ్ గీతకి నాలుగైదు మీటర్ల లోపు, డిస్ట్రాయర్ పదిహేనూ ఇరవై మీటర్లు ఎడమకి. అంత కష్టపడి పక్క మడిలో పడేసుకోవడం దేనికి? తోడల్లుడి ఫోర్‌హ్యాండ్‌కి లెపర్డ్ గుంపే లేదు, పొలమంతా చెల్లాచెదురు. ఫైర్‌బర్డ్ దూరం తక్కువ గానీ ప్రతిసారీ దాదాపు ఒకే చోట కుడివైపు పడింది. టీబర్డ్ వాడికి అన్నిటికంటే దూరం పోయింది, ఒకటి రెండు మాత్రం చెడిపోయాయి.

పూసపాటిరేగ మండలం చింతపల్లి బీచ్ దగ్గర సరుగుడు తోటల్లో కూడా వేశాం. చెట్ల వరసల మధ్య సందులో డిస్ట్రాయర్ వేస్తే మొదటి నాలుగు చెట్లలో ఏదో ఒకటి తగులుతుంది. అక్కడ లెపర్డ్, బజ్ తప్ప ఏదీ పనికిరాలేదు.

ఒక్క హెచ్చరిక. ఇదంతా చేసేముందు డిస్కు ముక్కు పైకి లేస్తోందేమో ఎవరినైనా పక్కన నిలబెట్టి ఫోన్‌లో వీడియో తీయించు. ముక్కు లేచిందంటే ఏ డ్రైవరైనా పైకి ఎక్కి, ఆగి, పక్కకి జారిపోతుంది. అది డిస్కు తప్పు కాదు.

జెట్ ఆర్మ్:

సరే సార్, మరి 300 మీటర్లు దాటి వేసినవాళ్ళు ఉన్నారుగా? వాళ్ళు లెపర్డ్‌తో వేశారా?

గొలుసు–ఆఫ్‌సెట్:

లేదు బాబూ. 2016లో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ 338 మీటర్లు వేశాడు. నెవాడా ఎడారిలో, వెనక నుంచి జోరుగా కొట్టే గాలి చూసుకుని మరీ. ఆ చెయ్యి, ఆ గాలి ఉంటే నేనూ డిస్ట్రాయరే పట్టుకుంటాను.

పీఈటీ మేడమ్ (ఆమదాలవలస):

పై కొలతల పద్ధతి చాలా బాగుంది సార్, మా పిల్లలతో చేయిస్తాను. ఒకటి కలుపుతాను, బరువు. పెద్దవాళ్ళు 170 నుంచి 175 గ్రాములవి వాడుతుంటారు. మా హైస్కూలు ఆడపిల్లలకి అవి ఇస్తే భుజం లాగేస్తుంది, డిస్కు మాత్రం పోదు. అదే లెపర్డ్ 150 గ్రాములది ఇస్తే చక్కగా ఎగిరింది. తేలిక డిస్కుకి వేగం ఇవ్వడం సులువు. గాలికి మాత్రం అది తట్టుకోలేదు.

అంచు మందం కూడా చూడండి. డిస్ట్రాయర్ లాంటి వెడల్పు అంచు డ్రైవర్లు చిన్న వేళ్ళకి పట్టు దొరకవు. పట్టు సరిగా లేకపోతే ముందే జారిపోతుంది, పక్కన నిలబడ్డవాళ్ళకి తగిలితే దెబ్బ మామూలుగా ఉండదు. మేం విసిరేవాళ్ళ ముందు ఎవరినీ ఉండనివ్వం.

తమ్ముడూ, మీరు విసిరేది పొద్దున్నా, సాయంత్రమా?

నాగావళి గుంటడు:

పొద్దున్నే మేడమ్. సెలవురోజు పదకొండు దాకా ఉంటాం. సర్వే అన్నయ్యా, చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే కర్రలు పాతి చూశాం. మా చిన్నాన్న కొడుకుకి లెపర్డే, డౌట్ లేదు. వాడు ఒప్పుకోవడానికి మాత్రం గ్రాఫ్ చూపించాల్సొచ్చింది. ఎడమచేతివాడికి కూడా లెపర్డే, మీరన్నట్టు గీతకి కుడివైపు కొంచెం. నాకు టీబర్డ్. కానీ ఒక చిక్కొచ్చింది. పొద్దున ఏడింటికి నా టీబర్డ్ గుంపు ఒక చోట ఉంది, పదిన్నరకి వేస్తే చాలా విసుర్లు ఎడమకి తిరగబడ్డాయి. చెయ్యి అలిసిందా అంటే, కాసేపు కూర్చుని మళ్ళీ వేసినా అంతే.

పీఈటీ మేడమ్:

అందుకే టైమ్ అడిగాను. సముద్రం వైపు ముఖం పెట్టి విసురుతున్నారు కదూ?

నాగావళి గుంటడు:

అవును మేడమ్! నది వాలుకే వేస్తాం, ఎండ కళ్ళలో పడకుండా కొంచెం పక్కకి తిరిగి.

గొలుసు–ఆఫ్‌సెట్:

మేడమ్ పట్టేశారు. మన తీరంలో ఎండెక్కాక సముద్రం మీంచి గాలి మొదలవుతుంది. అది నీకు ఎదురుగాలి. డిస్కుకి తెలిసేది తన చుట్టూ గాలి ఎంత జోరుగా పోతోందన్నదే. ఎదురుగాలిలో ఆ జోరు పెరుగుతుంది కాబట్టి టర్న్ పెరిగి తిరగబడుతుంది. వెనకగాలిలో జోరు తగ్గుతుంది, డిస్కు తొందరగా వాలి ఫేడ్ అవుతుంది, ఎత్తు కూడా నిలవదు. అందుకే ఎదురుగాలికి ఫైర్‌బర్డ్ తియ్యాలి. వెనకగాలి ఉన్నప్పుడు లెపర్డ్ కొంచెం ఎత్తుగా వేస్తే ఎంత దూరం పోతుందో చూడు, మీవాడు ఎగిరి గంతేస్తాడు. పరీక్ష చేసేటప్పుడు మాత్రం గాలి లేని వేళ చెయ్యి. లేదా సగం అటునుంచి, సగం ఇటునుంచి వేసి, గాలి దిక్కు కాగితం మీద రాసుకో.

ఎడమచేతి వాటం (సోంపేట):

నేనూ ఎడమచేతివాణ్ణే, బారువ బీచ్‌లో వేస్తుంటాను. ఉప్పు నీళ్ళు తగిలిన ఛాంపియన్ ప్లాస్టిక్ చేతిలో సబ్బులా జారుతుంది. తువ్వాలు ఒకటి పెట్టుకోండి. తడి చేతికి ఇన్నోవాలోనే స్టార్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ మేలు. ఇంకోటి, డ్రైవర్లు చాలావరకు నీళ్ళలో మునుగుతాయి. నాగావళి పాయ పక్కన కొత్త డిస్కు వెయ్యొద్దు బాబూ, నా మాట విను.

నాగావళి గుంటడు:

అయితే బావకి ఇలా రాస్తున్నాను. నాకు ఛాంపియన్ ప్లాస్టిక్‌లో టీబర్డ్, 170 పైన. వాళ్ళిద్దరికీ కలిపి స్టార్ లెపర్డ్ ఒకటి, 160 లోపు. ఉన్న ఫైర్‌బర్డ్ ఎదురుగాలికి. డిస్ట్రాయర్ అటక మీదకి. సరేనా అన్నయ్యా?

గొలుసు–ఆఫ్‌సెట్:

సరే. డిస్ట్రాయర్ అటక మీదకెందుకు, పీఈటీ మేడమ్ గారి స్కూల్లో పెద్ద పిల్లల్లో గట్టి చెయ్యి ఉన్నవాడెవడైనా ఉంటే ఇవ్వు. బావకి రంగు కూడా చెప్పు. తెలుపు, పసుపు వద్దు, ఇసుకలో పక్కనే ఉన్నా కనబడవు. గులాబీదో ముదురు నీలమో తెమ్మను. వెనక ఫోన్ నంబరు మార్కర్‌తో రాసి పెట్టు.