అప్‌డేట్: "నేను" ని పక్కన పెట్టడం గురించి అడిగాను కదా

ప్రార్థనలో కూడా నా ఉద్యోగం, నా ఆరోగ్యం తప్ప ఇంకేం రావట్లేదు, తన్ను తాను ఉపేక్షించుకోవడం అంటే అసలు ఏం చేయాలి అని పోయినసారి అడిగా. మీలో ఒకరు బైబిల్లో మత్తయి 16:24, లూకా 9:23 పక్కపక్కన పెట్టి చదవమన్నారు, చదివా, రెండిట్లోనూ యేసు తన వెంట రావాలంటే తన్ను తాను ఉపేక్షించుకొని సిలువ ఎత్తుకోవాలనే అంటాడు, కానీ లూకాలో "ప్రతిదినము" అనే మాట కూడా ఉంది, అక్కడే ఆగిపోయాను. నేనేమో ఒక్కసారి గట్టిగా తీర్మానం చేసుకుంటే చాలనుకున్నా. ఇప్పుడు పొద్దున్నే మోకాళ్ల మీద ముందు వేరేవాళ్ల పేర్లే చెప్తున్నా. మొన్న మా అన్నయ్యకి ఫోన్ చేశా, తప్పు ఆయనదే అని రెండేళ్లు మాట్లాడలేదు, నంబర్ నొక్కుతుంటే చెయ్యి వణికింది, "నన్ను క్షమించన్నయ్యా" అన్నా, చాలాసేపు అవతల మాటల్లేవు, తర్వాత "తిన్నావా?" అన్నాడు. ఏడుపు ఆగలేదు నాకు. కోపం మొత్తం పోయిందా అంటే లేదండి, రేపు పొద్దున మళ్లీ అడగాలి దేవుణ్ణి.