రేగడి నేలలో పూల మడులకు అంచు: ఇటుకలా, నాపరాళ్లా?

ప్రశ్న (గుంటూరు నుంచి):
అందరికీ నమస్కారం. మా ఇల్లు గుంటూరు శివారులో నల్లరేగడి నేలలో ఉంది. వానలకు మట్టి కొట్టుకొచ్చి నడక బాటమీద పడకుండా, మల్లె, కనకాంబరాల మడులకు రెండేళ్ల కిందట ఇటుకలతో సిమెంటు అంచు కట్టించాను. మొన్నటి వేసవిలో అది మూడు చోట్ల పగిలి, ఒకవైపు ఒరిగిపోయింది. పైగా గరిక కింది నుంచి దూరి మడిలోకి పాకుతోంది. ఈసారి కడప నాపరాళ్లను నిలువుగా పాతించాలనుకుంటున్నాను. ఎంత లోతు పాతాలో, సిమెంటు అవసరమో కాదో అనుభవమున్నవారు దయచేసి తెలపగలరు.

జవాబు 1:
తప్పు ఇటుకలది కాదండి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి బీటలు వారుతుంది. ఆ కదలికకు లొంగని సిమెంటు వరస ఎక్కడో ఒకచోట పగలక తప్పదు. కాబట్టి ఏ రాయి ఎంచుకున్నా సిమెంటు లేకుండా విడివిడిగా నిలబెట్టించండి. అప్పుడు ఒరిగిన రాతిని ఒక్కదాన్నే సరిచేసుకోవచ్చు. నేను 18 అంగుళాల ఎత్తున్న నాపరాళ్లు తీసుకొని, సగానికి పైగా, అంటే 10 అంగుళాలు, భూమిలో ఉండేలా పాతించాను. గూటాలు కొట్టి తాడు లాగి, 12 అంగుళాల లోతు కాలువ తవ్వించి, అడుగున 2 అంగుళాల మేర కంకర, రాతిపొడి కలిపి పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టించాను. రాళ్ల పక్కన కూడా తవ్వి తీసిన రేగడికి బదులు ఈ మిశ్రమంతోనే పూడ్చించండి. కాలువ అడుగు ఒకవైపుకు కొద్దిగా వాలుగా ఉండాలి. లేకపోతే కంకరలో దిగిన నీరు అక్కడే నిలిచి, చుట్టూ ఉన్న నేలను మళ్లీ ఉబ్బిస్తుంది. ఈ వాలు సంగతి మేస్త్రీలకు పక్కన నిలబడి చెప్పాలి.

జవాబు 2:
పై సలహా సరైనదే, కానీ విడి రాళ్ల మధ్య సందుల్లోంచి గరిక తప్పకుండా వస్తుంది, ఎందుకంటే అది నేలపైనా, నేల లోపలా కూడా పాకుతుంది. మీ పాత ఇటుకల్లో బాగా కాలినవాటిని ఏరి, రాళ్లకు బయటి వైపు నేలమట్టంగా ఒక వరస పరిపించండి. దానిమీదికి పాకిన గరిక కంటబడుతుంది, వెంటనే కోసేయవచ్చు. తుంగ విషయం వేరు: గడ్డలు లోతుగా ఉంటాయి కనుక, దానిని ఏ అంచూ ఆపదు, తవ్వి తీయవలసిందే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే పని మొదలుపెట్టవచ్చా?

జవాబు 1:
ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గేదాకా, అంటే డిసెంబరు వరకు, ఆగండి. అప్పటికి నేలలో పదును ఉంటుంది కానీ పారకు అంటుకోదు. వేసవిలో అయితే అదే రేగడిలో గునపం కూడా దిగదు.