“నొక్క”కి మూడో నంబరు ఎందుకు వచ్చింది?

ప్రశ్న:
పిల్లలకు ప్రతిపదార్థం షీట్లు తయారుచేస్తున్నానండి. పద్యంలో పదాలకు వరుసగా నంబర్లు వేసే చిన్న షెల్ స్క్రిప్టు రాశాను. ఒక్కో పాదాన్నీ, పాఠాన్ని ముక్కలుగా విడగొట్టే ప్రోగ్రాం అయిన ఆక్‌కి ఇస్తే, 1 నుంచి ఎన్ఎఫ్ (పాదంలోని ఫీల్డుల, అంటే ముక్కల, మొత్తం సంఖ్య) దాకా లూపు తిరిగి, నంబరూ దాని పక్కన ఫీల్డూ ప్రింటు చేస్తుంది. “ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు” ఇస్తే 1 ఉప్పు, 2 కప్పురంబు, 3 నొక్క, 4 పోలికనుండు అని వచ్చింది. మూడో దానికి ఒక పాప “నొక్కడం” అని అర్థం రాసింది. స్క్రిప్టులో ఏం మార్చాలి?

జవాబు:
స్క్రిప్టులో ఏమీ మార్చక్కర్లేదండి, మార్చాల్సింది దానికి ఇచ్చే పాఠాన్ని. 1977లో బెల్ ల్యాబ్స్‌లో ఆక్ రాసినవాళ్ల లెక్కలో ఫీల్డు అంటే ఖాళీకీ ఖాళీకీ మధ్య ఉన్నది, అంతే. మన అచ్చు పుస్తకాల్లో ఖాళీ పడే చోటు, పదం విరిగే చోటు ఒకటి కావు. ఇక్కడున్నది కప్పురంబున్ + ఒక్క. ద్రుతం, అంటే పదం చివరి నకారం, వెళ్లి తర్వాతి అచ్చుతో కలిసింది. అచ్చువేసినవాళ్లు “నొ”కి ముందు ఖాళీ వదిలారు కాబట్టి ఆ నకారం “ఒక్క” వైపు చేరిపోయింది. “పోలికనుండు”లోనేమో పోలికన్, ఉండు అని రెండు పదాలుంటే నంబరు ఒకటే పడింది.

“ఒక్క” అనే విడదీయాలనడానికి పద్యంలోనే సాక్ష్యం ఉంది. ఆటవెలది మొదటి పాదం గణాలు ఉప్పు / కప్పు / రంబు / నొక్కపో / లికనుండు. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి పడాలి, అంటే అది పాదం మొదటి అక్షరంతో సరిపోలాలి. “ఉ”కీ “నొ”కీ యతి ఎలా కుదిరింది? లోపల “ఒ” ఉంది కాబట్టి. ఉ, ఒ ఒకదానికొకటి యతి చెల్లుతాయి. కవి చెవికి ఆ పదం “ఒ”తోనే మొదలైంది. పిల్లలకు ఇది తప్పకుండా చూపించండి, సంధి నియమం బట్టీ పట్టించడం కన్నా ఎంతో మేలు.

కాబట్టి ఇదే పాదంలో మూడోది ఏదంటే ఖాళీ ప్రకారం “నొక్క”, పదం ప్రకారం “ఒక్క”, గణం ప్రకారం “రంబు”. దేనికి నంబరు వేస్తున్నామో ముందు తేల్చుకోవాలి. ఆ తర్వాత రెండో పాదం చూడండి: చూడ చూడ రుచుల జాడ వేరు. ఐదు ఫీల్డులు, ఐదు పదాలు, ఐదు గణాలు, అన్నీ ఒకే చోట విరుగుతాయి. యతి బదులు చూడ, జాడ అని ప్రాసయతి, అంటే రెండో అక్షరం “డ” కలవడం. నాకు ఈ పద్యంలో అన్నిటికన్నా ఇష్టమైన పాదం ఇదే. స్క్రిప్టును దీనితో పరీక్షిస్తే మాత్రం అంతా బాగుందనే అనిపిస్తుంది, అందుకని పరీక్షకు మొదటి పాదమే పెట్టుకోండి.

పని జరగాలంటే పదవిభాగం చేసిన ఫైలు వేరుగా ఉంచుకోండి. ఉప్పు+కప్పురంబున్+ఒక్క+పోలికన్+ఉండు అని మీరే రాసి, ఆక్‌కి ఫీల్డు సెపరేటరుగా (ఫీల్డులను విడదీసే గుర్తుగా) ప్లస్ గుర్తు ఇవ్వండి. లూపు అదే, నంబర్లు 5 వస్తాయి. ప్లస్‌కి అటూ ఇటూ ఖాళీ వదలకండి, వదిలితే అది ఫీల్డులో భాగమైపోతుంది. ప్లస్‌లు రెండు పక్కపక్కన పడితే మధ్యలో ఏమీ లేని ఫీల్డుకి కూడా నంబరు పడుతుంది. మామూలు ఖాళీలతో ఈ బాధ లేదు, ఎన్ని ఉన్నా ఆక్ ఒక్కటిగానే లెక్కేస్తుంది.

ఇంకొకరి ప్రశ్న:
నాకు మూడో పాదంలో “పుణ్య పురుషులు” మధ్య ఖాళీ కనబడుతోంది, అయినా రెండిటికీ కలిపి ఒకటే నంబరు వచ్చింది. ఆక్‌కి సమాసం తెలుసా?

జవాబు:
తెలియదండి. పద్యాన్ని ఏదో వెబ్ పేజీ నుంచి కాపీ చేసి ఉంటారు. అక్కడున్నది మామూలు ఖాళీ కాదు, నో బ్రేక్ స్పేస్, యూనికోడ్‌లో 160వ సంకేతం. కంటికి ఖాళీలాగే ఉంటుంది గానీ ఆక్ దాన్ని అక్షరంగానే చూస్తుంది. ముందు, పాఠంలో అక్షరాలు మార్చే ప్రోగ్రాం అయిన సెడ్‌తో దాన్ని మామూలు ఖాళీగా మార్చి, తర్వాత ఆక్‌కి పంపండి. సమాసంగా ఒకే నంబరు కావాలంటే ఖాళీ తీసేసి “పుణ్యపురుషులు” అని కలిపి రాయండి, వ్యాకరణం ప్రకారం అదే సరైనది.