తుపాను వరదలో మునిగిన నగరాన్ని పైనుంచి ఫొటో తీస్తే ఏం తెలుస్తుంది?

ప్రశ్న (అలిపిరి వాసి):
2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ తాకిన తరువాత విమానాల నుంచి తీసిన న్యూ ఆర్లీన్స్ (అమెరికా నగరం) ఫొటోలు చూస్తున్నాను. నీటిపై తేలినట్లున్న ఇళ్ల కప్పులు, తెగిన కాలువ గట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. 2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు నేను చూసినవన్నీ ఫోన్లతో తీసిన వీడియోలే. మన ఊరిని కూడా అలా ఫొటో తీస్తే ముంపు హద్దు, నీటి లోతు తెలుస్తాయా?

జవాబు (సర్వే ఉద్యోగి):
హద్దు తెలుస్తుంది. నిటారుగా కిందికి చూసే కెమెరాతో తీసిన ఫొటోను పటంతో సరిపోల్చవచ్చు. ఏటవాలుగా తీసిన ఫొటోలో గోడలు కనబడతాయి కనుక, నీరు కిటికీ వరకు వచ్చిందో చూరును తాకిందో పోల్చుకోవచ్చు. బురదనీటి రంగును చూసి మాత్రం లోతు చెప్పలేం; నేల ఎత్తులు చూపే పటంపై ముంపు హద్దును గీసి లెక్కగట్టాలి.

జవాబు (చంద్రగిరి రైతు):
అయ్యా, ఆ ఊరికీ మన ఊరికీ పోలిక కుదరదు. న్యూ ఆర్లీన్స్‌లో చాలా భాగం సముద్రమట్టానికి దిగువన ఉన్న గిన్నె వంటిది. గట్లు తెగి లోపలికి చేరిన నీటిని పంపులతో తోడవలసి వచ్చింది కనుక అది వారాల తరబడి నిలిచింది, విమానాలకు వ్యవధి దొరికింది. ఇక్కడ శేషాచలం కొండల నుంచి కపిలతీర్థం మీదుగా దూకిన నీరు వాలు వెంట స్వర్ణముఖి వైపు పరుగెడుతుంది. మబ్బు విడేసరికి చాలా వీధుల్లో మిగిలేది బురదే. నన్నడిగితే ఊరి ఫొటోల కంటే చెరువు కట్టల ఫొటోలు ముఖ్యం. ఆ నవంబరులోనే రాయలచెరువు కట్టకు గండి పడుతుందన్న భయంతో దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. కట్ట, తూము, మరవ (మిగులు నీరు పొర్లిపోయే చోటు), దిగువ వాగు కనిపించేలా వానాకాలానికి ముందొకసారి, వరద తగ్గాక మరొకసారి తీస్తే, ఎక్కడ మట్టి జారిందో, ఎక్కడ వాగును ఆక్రమించారో పోల్చి చూడవచ్చు.

జవాబు (రేణిగుంట విద్యార్థి):
మబ్బు ఉండగానే చూడాలంటే, మబ్బును దాటి వెళ్లే తరంగాలను పంపి, తిరిగి వచ్చిన వాటితో చిత్రం గీసే రాడార్ ఉపగ్రహమే దారి. నిలకడగా ఉన్న నీరు రాడార్ తరంగాలను పక్కకు పంపేస్తుంది కనుక చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. 2022 ఫిబ్రవరి 14న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఈఓఎస్-04 అలాంటిదే. పొలాల ముంపును ఇది బాగా చూపుతుంది గానీ, ఇరుకు వీధుల్లో గోడలు కూడా తరంగాలను వెనక్కి కొడతాయి కనుక చిత్రం గందరగోళంగా ఉంటుంది. డ్రోన్ తీసేవారు విమానాశ్రయం చుట్టూ ఉన్న ఆంక్షలను ముందుగా చూసుకోవాలి. సహాయక హెలికాప్టర్లు తిరుగుతున్నప్పుడు అసలు ఎగరేయకూడదు.