ఆట ప్రపంచాల్లో కనబడని గోడలు, వాడకుండా వదిలేసిన చోట్లు

ప్రశ్న (హనుమకొండ)
మిత్రులకు నమస్కారం. వరంగల్ కోట నేపథ్యంగా యూనిటీ అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నాను. నాలుగు కీర్తి తోరణాలు, వాటి నడుమ శిథిలాలు, ఖుష్ మహల్ పూర్తయ్యాయి. ఆటగాడు రాతికోట దాటి వెళ్లకూడదు. అందుకు కనబడని గోడ పెట్టడమేనా, మరో మార్గముందా? పెద్ద ఆటల్లో హద్దుకు అవతల కూడా వీధులు, గదులు ఉంటాయని చదివాను. ఎవరూ చేరకూడని చోటును ఎందుకు కడతారు, కట్టినదాన్ని ఎందుకు తీసివేయరు?

జవాబు 1 (కరీంనగర్)
తమ్ముడూ, అవన్నీ ఒకే కారణంతో ఉన్నవి కావు. 2001లో వచ్చిన గ్రాండ్ థెఫ్ట్ ఆటో 3లో, షోర్‌సైడ్ వేల్ అనే ప్రాంతపు కొండల వెనుక ఒక వీధి ఉంది. ఆట ఆరంభంలో వచ్చే బ్యాంకు దోపిడీ దృశ్యం కోసమే దాన్ని కట్టారు. పొట్టి రెక్కల డోడో విమానాన్ని ఓపికగా ఎగరేయగలిగినవారు అక్కడికి చేరుకున్నారు. అదే వరుసలో 2004లో వచ్చిన శాన్ ఆండ్రియాస్‌లో దుకాణాల లోపలి గదులు ఆయా భవనాల్లో ఉండవు. వాటిని ఆకాశంలో ఎంతో ఎత్తున విడిగా పెట్టి, గుమ్మం తొక్కగానే ఆటగాడిని అక్కడికి మారుస్తారు. ఇవి రెండూ పనికొస్తున్న చోట్లే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోని హైజల్ పర్వత ప్రాంతం మాత్రం నిజంగానే అసంపూర్తిగా మూతపడి ఉండి, 2010లో కాటక్లిజమ్ అనే అదనపు భాగంతో అందరికీ తెరుచుకుంది. కట్టినదాన్ని తొలగిస్తే దానిమీద ఆధారపడిన స్క్రిప్టు (ఆటను నడిపే కోడ్) ఎక్కడ ఆగిపోతుందో విడుదల ముంగిట వెతికే తీరిక ఎవరికీ ఉండదు కనుక, దారి మూసేసి ఊరుకుంటారు.

జవాబు 2 (మంచిర్యాల)
హద్దును ప్రతిసారీ మనిషే గీయడు. మైన్‌క్రాఫ్ట్ ఆటలో బీటా 1.8 అనే తొలినాటి వెర్షన్‌కు ముందు, కేంద్రం నుంచి సుమారు 1,25,50,000 బ్లాకుల దూరంలో నేల నిలువు గోడలుగా, సొరంగాలుగా చీలిపోయేది. భూభాగాన్ని పుట్టించే లెక్కలో పూర్ణాంకం తన పరిమితిని దాటడమే దానికి కారణం. సాధారణంగా ఇంజన్లు (యూనిటీ లాంటి, ఆటను నడిపే సాఫ్ట్‌వేర్లు) స్థానాలను 32 బిట్ల దశాంశ సంఖ్యల్లో ఉంచుతాయి. 10 కిలోమీటర్ల దూరంలో పక్కపక్క స్థానాల మధ్య ఎడం దాదాపు 1 మిల్లీమీటరు ఉంటే, 100 కిలోమీటర్ల దగ్గర దాదాపు 8 మిల్లీమీటర్లు అవుతుంది, అప్పుడు పాత్ర చేతిలోని కత్తి వణుకుతూ కనబడుతుంది. మీ కోట అంత పెద్దది కాదు కనుక మీకు ఆ బాధ లేదు.

జవాబు 3 (వరంగల్)
ఖాళీ మైదానంలో పాత్ర కాళ్లాడిస్తూ ఉన్నచోటే నిలిచిపోతే ఆటమీద నమ్మకం పోతుంది. కనబడని గోడను చివరి జాగ్రత్తగానే ఉంచండి, ఎందుకంటే కాకతీయులు మీకు హద్దును కట్టే ఇచ్చారు. రాతికోట, దాని వెలుపల అగడ్త, ఇంకా దూరాన మట్టికోట ఉన్నాయి కదా! రాతికోట ద్వారాలు తిన్నగా ఉండవు, లోపలికి వచ్చేవాడు మలుపు తిరగాల్సిందే. శత్రువును ఆపడానికి కట్టిన ఆ మలుపు వల్ల లోపల నిలబడినవాడికి బయటి భూమి కనబడదు, కాబట్టి దాన్ని మీరు కట్టనక్కర్లేదు. గోడ ఎక్కినవాడికి దూరంగా మట్టికోట గట్టు స్థూలంగా కనిపిస్తే చాలు. నేల కింద ఒక ట్రిగ్గర్ (పాత్ర తాకగానే పని మొదలుపెట్టే కనబడని ప్రాంతం) పెట్టి, జారిపడినవారిని చివరిగా నిలబడిన చోటికి చేర్చండి.

మరో మాట. యూనిటీలో ఏ సీన్‌లోనూ (ఆటలోని ఏ దృశ్యంలోనూ) వాడని ఫైళ్లు బిల్డ్‌లోకి, అంటే ఆటగాడికి ఇచ్చే తుది ఆటలోకి, చేరవు. రిసోర్సెస్ ఫోల్డర్‌లో పెట్టినవి మాత్రం వాడినా వాడకున్నా చేరతాయి. సగం కట్టి ఆపేసిన మండపాలేవైనా ఉంటే ఆ ఫోల్డర్‌లో ఉంచకండి.