పిల్ల సల్కాటాకి ఎడారి కావాలా, తేమ కావాలా?

ఎడారి ఇల్లు, చాండ్లర్ (అరిజోనా)

నమస్తే అండి. మా పక్కింటివాళ్ల పెరట్లో పెద్ద సల్కాటా తాబేలు ఉంది. అది గుడ్లు పెట్టి పిల్లలయ్యాయి. వాటిలో ఒకదాన్ని మా అమ్మాయికి ఇచ్చారు. పిల్లకి మూడు వారాలు, బరువు 38 గ్రాములు. అరచేతిలో పెట్టుకుంటే నిమ్మకాయంత ఉంది.

ఇప్పుడు దానికి ఇల్లు కట్టాలి. అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. ఇచ్చినాయన "ఇది సహారా అంచున బతికే జంతువు, పొడిగా ఉంచు, తడి తగిలితే జలుబు చేసి చచ్చిపోతుంది" అన్నారు. పైన తెరిచి ఉన్న చెక్క బల్ల, అడుగున ఎండుగడ్డి, ఒక మూల బల్బు ఉంటే చాలట. డాక్టరమ్మేమో మూత ఉన్న పెట్టె పెట్టి, లోపల 80 శాతం తేమ ఉంచమన్నారు. రెండింటికీ అసలు పొంతనే లేదు. ఏసీ నడిచే మా హాల్లో మీటరు 18 శాతం చూపిస్తోంది. స్వయంగా పెంచినవాళ్లు చెప్పండి, నేను ఎవరి మాట వినాలి?

బల్ల మీద తాబేలు, మెసా (అరిజోనా)

మీ పక్కింటాయన చెప్పిందే నా మాట కూడా. మా వాడికి 11 ఏళ్లు, 30 కిలోలు. మొదటి రెండేళ్లు పొడి బల్ల మీదే పెరిగాడు. ఒక్కసారి కూడా ముక్కు కారలేదు.

మూత పెట్టిన పెట్టె అంటేనే నాకు భయం. గాలి ఆడదు, బూజు పడుతుంది. తాబేలుకి మనలాగా దగ్గి కఫం బయటికి తోసే వీలు లేదు, ఊపిరితిత్తుల్లో ఒకసారి చేరితే అంతే. నా స్నేహితుడు గాజు తొట్టెలో తడి మట్టి వేసి మూత పెట్టి పెంచాడు. నెల తిరక్కుండానే పిల్ల పోయింది. నోరు తెరిచి, మెడ చాచి ఊపిరి కోసం అవస్థపడడం నా కళ్లతో చూశాను. ఎడారి జంతువుని తీసుకొచ్చి వానాకాలంలో పెట్టడం ఏం న్యాయమండీ?

మందార కొమ్మ, హ్యూస్టన్

నేను రెండు సల్కాటాలని పెంచాను. మొదటిదాన్ని పొడిగా, రెండోదాన్ని తేమలో. అందుకే ఈ ప్రశ్న కనిపిస్తే ఊరుకోలేను, కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదటిదాని వీపు మీద చెయ్యి పెడితే ఒక్కో పలకా ఒక్కో చిన్న గోపురంలా తగులుతుంది. రెండు గోపురాల మధ్య లోయలో నా చిటికెన వేలు పడుతుంది. దీన్నే పిరమిడింగ్ అంటారు. రెండోదాని వీపు బోర్లించిన మట్టి మూకుడులా నున్నగా ఉంటుంది. రెండింటికీ ఒకటే తిండి, ఒకటే దీపం. తేడా అల్లా తేమే.

నా రెండు తాబేళ్లని చూసి నమ్మమనడం లేదు. 2003లో ఆస్ట్రియాలో 50 సల్కాటా పిల్లల్ని ఐదు నెలలు పెంచి చూశారు. తిండిలో మాంసకృత్తులు ఎక్కువైతే డిప్ప గడ్డలు కడుతుందని అంతకుముందు అందరూ అనుకునేవాళ్లు. తేలిందేమిటంటే, దాని ప్రభావం స్వల్పం. పొడి గాలిలో పెరిగినవాటికే గోపురాలు ఎత్తుగా లేచాయి.

"ఎడారి జంతువు" అన్న మాటే మనల్ని పక్కదారి పట్టిస్తోంది. సల్కాటాలుండే సాహెల్‌లో, అంటే సహారాకి దక్షిణాన ఉన్న అంచు ప్రాంతంలో, పైన నేల మాడిపోతున్నా, అవి ఉండేది లోతుగా తవ్విన బొరియల్లో. అక్కడ నేల చల్లగా, చెమ్మగా ఉంటుంది. పిల్ల రోజులో ఎక్కువసేపు ఎండలో తిరగదు, దాక్కునే ఉంటుంది. ఏసీ హాల్లో తెరిచిన బల్ల మీద పెట్టామంటే, నిజం ఎడారిలో కూడా దానికి రాని కరువు మనం తెచ్చిపెట్టినట్టు.

మెసా గారూ, మీ స్నేహితుడి పిల్ల సంగతి చదివి చాలా బాధేసింది. ఒక్కటి అడుగుతాను, రాత్రిపూట ఆ తొట్టెలో వేడి ఎంత ఉండేది? చంపేది తేమ కాదండీ, చలితో కలిసిన తేమ. లోపల ఎప్పుడూ 80 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే 27 సెల్సియస్‌కి తగ్గకపోతే తేమ దానికి హాని చేయదు. రాత్రికి వెలుగు ఇవ్వని సిరామిక్ హీటర్, దానికొక థర్మోస్టాట్ తప్పనిసరి.

చాండ్లర్ గారూ, నేనైతే ఇలా కడతాను. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ముందువైపు తలుపులున్న పీవీసీ పెట్టె. గాజు తొట్టే ఉంటే బయట కింది నాలుగు అంగుళాలు కాగితం అంటించండి. గాజు అడ్డంగా ఉందని తాబేలుకి అర్థం కాదు, రోజంతా దాన్ని తోస్తూనే ఉంటుంది. అడుగున కొబ్బరి పొట్టు నాలుగు అంగుళాల మందం వేసి చేత్తో గట్టిగా అదమండి. మా అమ్మమ్మగారిది అమలాపురం దగ్గర. పీచు తీశాక అక్కడ గుట్టలుగా పడి ఉండే పొట్టే ఇది, ఇక్కడ ఇటుకల్లా చేసి అమ్ముతారు. ఇటుకని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టండి. పిడికిట్లో పట్టి పిండితే ముద్ద కట్టాలి, నీళ్లు మాత్రం కారకూడదు. తర్వాత్తర్వాత తేమ తగ్గితే పైన చల్లకుండా మూలల్లో పోయండి. అడుగు తడిగా, పైపొర కాస్త ఆరినట్టు ఉంటే దాని పొట్ట కింద పుండ్లు పడవు.

ఇసుక వద్దే వద్దు, ఆకుతో పాటు మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది. దేవదారు పొట్టు కూడా వద్దు. ఒక చివర బల్బు కింద 95 నుంచి 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు ఇచ్చే పొడవాటి యూవీబీ ట్యూబు పెట్టండి, మెలికల బల్బు వద్దు. కిటికీ దగ్గర పెడితే ఎండ తగులుతుందిలే అనుకోకండి, గాజు ఆ కిరణాలని ఆపేస్తుంది. నీళ్లకి పూలకుండీ కింద పెట్టే మట్టి పళ్లెం చాలు. రోజూ పావుగంట గోరువెచ్చటి నీళ్లలో గడ్డం దాకా కూర్చోబెట్టండి.

లెస్టర్ వాసి (ఇంగ్లండ్)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది హెర్మన్ తాబేలు, మధ్యధరా సముద్రతీరాల జాతి. తెరిచిన బల్ల మీదే పెంచాం, డిప్ప నున్నగానే ఉంది. కాకపోతే మా ఊరి వాన వల్ల ఇంట్లోనే 60 శాతం తేమ ఉంటుంది. పైగా తడి నాచు పరిచిన చిన్న గూడు ఒకటి పెట్టాం, రాత్రంతా అందులోనే పడుకునేది. కాబట్టి మూత సంగతి ఊరిని బట్టి, ఇంటిని బట్టి చూసుకోవాలి. 18 శాతం అన్న ఇంట్లో మాత్రం తెరిచిన బల్ల మీద తేమ నిలబెట్టడం జరగని పని.

బల్ల మీద తాబేలు

అమ్మా, మీరు ఇంత వివరంగా రాశాక కాదనడం కష్టమే, అయినా ఒక మాట. మా వాడి డిప్ప మీదా గడ్డలున్నాయి, దాచను. కానీ వాడు తింటాడు, తిరుగుతాడు, పెరట్లో కంచెని తోసేస్తాడు. చూపుకి బాగుండడం కోసం పిల్లని మూసిన పెట్టెలో పెట్టి కరెంటు మీద ఆధారపడాలా? ఒక రాత్రి కరెంటు పోయి హీటర్ ఆగితే మీరు చెప్పిన చలీ తేమా రెండూ కలవవా? స్నేహితుడి తొట్టెకి రాత్రి హీటర్ లేదు, ఆ మాట నిజమే.

మందార కొమ్మ

కరెంటు పోతే అన్న భయం న్యాయమైనదే. మా ఊళ్లో 2021 ఫిబ్రవరిలో కరెంటు పోయినప్పుడు పిల్లని గుడ్డలో చుట్టి నా ఒంటికి ఆనించుకుని కూర్చున్నాను. మూసిన పెట్టె కనీసం కాసేపు వేడి పట్టి ఉంచుతుంది, తెరిచిన బల్ల అదీ చేయదు.

అందం గురించి నేను మాట్లాడడం లేదండీ. పలక కింద ఉన్నది ఎముక, గోపురం లేస్తే ఆ ఎముక కూడా వంకర పెరిగినట్టే. పైగా 38 గ్రాముల ఒంట్లో నీళ్లు ఎంత ఉంటాయి? పొడి గాలికి ఒంట్లో నీరు తగ్గితే మూత్రంలోని తెల్లటి పదార్థం గట్టిపడి రాయి అవుతుంది. మీ వాడు ఆరోగ్యంగా ఉన్నాడంటే మనస్ఫూర్తిగా నమ్ముతాను. నా మొదటిది కూడా బాగానే తింటోంది. కానీ దాని వీపు తడిమిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే ఒకసారి లేచిన గోపురం మళ్లీ దిగదు.

గోదారి గట్టు, రాజమండ్రి

మా తమ్ముడు ఎవరి దగ్గరో నక్షత్ర తాబేలు పిల్లని తెచ్చాడు. దానికీ ఈ పెట్టె సరిపోతుందా?

మందార కొమ్మ

తమ్ముడూ, పెట్టె సంగతి వదిలెయ్. నక్షత్ర తాబేలుని ఇంట్లో పెంచడం మన దేశంలో వన్యప్రాణి చట్టం కింద నేరం. 2019 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా నిషేధం ఉంది. మన రాయలసీమ పొదల్లో తిరగాల్సిన ప్రాణి అది. వెంటనే అటవీ శాఖ వాళ్లకి అప్పగించండి. ఎక్కడ పడితే అక్కడ వదిలేయొద్దు.

ఎడారి ఇల్లు

ఆరు వారాలైంది, అందుకే మళ్లీ రాస్తున్నాను. పీవీసీ పెట్టే కట్టాను. తేమ 78, 82 మధ్య నిలుస్తోంది. మొదటి రాత్రి పదకొండింటికి టార్చి వేసి చూస్తే పిల్ల కనపడలేదు, గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే గూడు కింద కొబ్బరి పొట్టుని తవ్వుకుని ముక్కు ఒక్కటే బయటపెట్టి నిద్రపోతోంది. ఎవరూ నేర్పకుండానే తడి వైపే వెళ్లింది. ఇవాళ బరువు 54 గ్రాములు. పలకల మధ్య దారంలా లేత తెల్లటి కొత్త గీత వచ్చింది, వేలితో రాస్తే ఎత్తుపల్లాలు తగలడం లేదు.

డాక్టరమ్మ ఇంకొకటి గట్టిగా చెప్పారు, పిల్లలున్నవాళ్లు వినండి. తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా క్రిములు ఉంటాయి. నాలుగు అంగుళాల కన్నా చిన్నవాటిని అమ్మకూడదని 1975లోనే ఇక్కడ నిబంధన పెట్టింది అందుకే. మా అమ్మాయి ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుగుతోంది, స్నానం పోసే టబ్బు వంటగదిలోకి రానివ్వడం లేదు.

బల్ల మీద తాబేలు

54 గ్రాములంటే చాలా సంతోషం. మూత విషయంలో నాకింకా అనుమానం ఉంది, రోజుకోసారి తలుపులు తెరిచి గాలి మార్చండి. నిన్న మా వాడి రాత్రి గూట్లో ఒక మూల మట్టి తడిపి పెట్టాను. 11 ఏళ్లుగా ఎప్పుడూ పడుకునే చోటు వదిలేసి ఆ మూలకే వెళ్లి పడుకున్నాడు.